కొబ్బరి నీడకు కచ్చోరం

ప్రశ్న: మాది ఏలూరు. పెరట్లో కొబ్బరిచెట్ల కింద ఏదీ ఎదగదు. నేలంతా పరుచుకుని, సువాసన ఇస్తూ ఏళ్ల తరబడి నిలిచే మొక్క ఉందా?

జవాబు: కచ్చోరం వేయండి. ఆకులు నేలకు అంటుకుని పరుచుకుంటాయి, దుంప విరిస్తే ఘాటైన పరిమళం. తెల్లని పూల మీద ఊదా మచ్చ చూడముచ్చటగా ఉంటుంది. కేరళలో కొబ్బరితోటల్లో ఇది అంతరపంట. మీకు అసలు ఇబ్బంది నీడ కాదు, నీరు. కొల్లేరు వైపు నల్ల బంకమన్నులో వానాకాలం నీరు నిలిస్తే దుంప కుళ్లిపోతుంది. అందుకే జానెడు ఎత్తున మడి కట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి, తొలకరికి దుంపముక్కలు నాటండి. చలికాలంలో ఆకులు ఎండిపోతాయి. చచ్చిందనుకుని తవ్వేయకండి, వానలకు మళ్లీ చిగురిస్తుంది. ఏడాదంతా పచ్చదనం కావాలంటే కాస్త ఎండ తగిలే అంచున వాము ఆకు పెట్టండి. దుంపల కోసం తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయంలో అడిగి చూడండి.