ఒక్కరికి వాంతులైతే ఇంటిల్లిపాదికీ ఎందుకు వస్తున్నాయి?



సోమవారం పాపకు వాంతులు. బుధవారం అమ్మకు. శుక్రవారానికి తమ్ముడికి, నానమ్మకు కూడా విరేచనాలు. ఇలాంటప్పుడు "ఏదో తిన్నది పడలేదు" అనుకుంటాం. తిండే కారణమైతే అది తిన్నవాళ్లందరికీ ఇంచుమించు ఒకేసారి తేడా చేస్తుంది. ఒకటి రెండు రోజుల తేడాతో ఒకరి తర్వాత ఒకరికి వస్తుంటే, చాలాసార్లు అది వైరస్ పనే.

1968లో అమెరికాలోని నార్వాక్ పట్టణంలో ఒక ప్రాథమిక పాఠశాలలో దాదాపు సగం మంది ఇలాగే జబ్బుపడ్డారు. తర్వాత వాళ్ల ఇళ్లలో ఉన్నవారిలో సుమారు ముగ్గురికి ఒకరి చొప్పున సోకింది. ఆ ఊరి పేరు నుంచే 'నోరోవైరస్' అనే పేరు వచ్చింది.

నేలకొండపల్లిలో మన ఇళ్లలోనైనా అది వచ్చే దారి అదే. వాంతి తుడిచిన చేత్తో బిందెలో చెంబు ముంచుతాం. పాప వదిలేసిన అన్నం పారేయలేక అమ్మ తింటుంది. నానమ్మ ఒకే కంచంలో కలిపి అందరికీ ముద్దలు పెడుతుంది. అందరూ ఒకే తువ్వాలుతో తుడుచుకుంటారు.

ఇంట్లో ఇలా చేయండి:

• సబ్బుతో, పారే నీళ్లతో కనీసం 20 సెకన్లు చేతులు కడుక్కోండి. ఈ వైరస్‌పై శానిటైజర్ అంతగా పనిచేయదు.
• వాంతిని పాత గుడ్డతో ఎత్తేసి, ఆ చోట బ్లీచింగ్ నీళ్లు పోసి, కాసేపు ఉంచి కడగండి. అందులో యాసిడ్ కలపకండి.
• జబ్బు చేసిన బిడ్డకు కంచం, గ్లాసు, తువ్వాలు వేరుగా పెట్టండి. ఎంగిలి తినకండి.
• చూసుకునేవారే వంట చేయాల్సి వస్తే, ముందు చేతులు బాగా కడుక్కోండి.
• ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే ఓఆర్ఎస్ కలిపి, కొద్దికొద్దిగా తాగించండి.

కళ్లు లోపలికి పోయినా, మూత్రం బాగా తగ్గినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే డాక్టరుకు చూపించండి. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే 6, 10, 14 వారాలకు వేసే రోటావైరస్ చుక్కలు తప్పించకండి. అవి రోటావైరస్ నుంచే కాపాడతాయి. నోరోవైరస్‌కు చేతుల శుభ్రతే రక్ష.

చివరగా ఒక మనవి. వాంతులు, విరేచనాలు ఆగాక కూడా 48 గంటలు బిడ్డను ఇంట్లోనే ఉంచండి. పైకి తేరుకున్నా వైరస్ ఇంకా బయటికి వస్తూనే ఉంటుంది. పరీక్ష ఉందని పంపకండి. క్లాస్ టీచర్‌కు ఒక్క ఫోన్ చేయండి. మీ బిడ్డ రెండు రోజులు ఆగితే, పక్క బెంచీ బిడ్డ ఇంట్లో ఉన్న నానమ్మకు కూడా మేలు చేసినవారవుతారు.