కోళ్లకు కాళ్లెందుకు పడిపోయాయి?

బాలలూ! బీజగణితంలో ఎక్స్, వై అనే చరరాశులు మీకు తెలిసినవే. పరిశోధనలోనూ చరరాశులుంటాయి. విలువగాని, రకంగాని మారేది ఏదైనా చరరాశే.

జావా దీవిలో 1880లలో బెరిబెరి వ్యాధి సైనికులను, ఖైదీలను పొట్టన పెట్టుకుంటూ ఉండేది. కాళ్లు చచ్చుబడేవి, గుండె నీరసించేది. సూక్ష్మజీవులే కారణమని వైద్యుల నమ్మకం. ఆ సూక్ష్మజీవిని పట్టుకోవాలని డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ బటేవియా (నేటి జకార్తా)లో కోళ్లపై ప్రయోగాలు చేస్తున్నాడు. ఉన్నట్టుండి, సూక్ష్మజీవులు ఎక్కించని కోళ్లకు కూడా కాళ్లు పడిపోయాయి! కొన్ని నెలలకు వాటంతటవే కోలుకున్నాయి.

ఆరా తీస్తే తెలిసిందేమిటి? ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లన్నం కొంతకాలం కోళ్లకు వేశారు. కొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల అన్నం కోళ్లకు పెట్టనన్నాడు. అవి మళ్లీ ముతక బియ్యానికి వచ్చాయి. వంటవాడి పిసినారితనం లోకానికి మేలు చేసింది!

ఐక్‌మన్ ఈసారి కావాలనే కొన్ని కోళ్లకు పాలిష్ బియ్యం, కొన్నిటికి తవుడు పోని బియ్యం పెట్టి చూశాడు. ఇక్కడ మనం మార్చేది బియ్యం రకం. అది స్వతంత్ర చరరాశి. దాన్నిబట్టి మారేది కోడి ఆరోగ్యం. అది పరతంత్ర చరరాశి. కోళ్ల వయసు, నీరు, గూడు రెండు గుంపులకూ ఒకేలా ఉంచాలి. అవి నియంత్రిత చరరాశులు. గూడు కూడా మారిస్తే, రోగం బియ్యంవల్ల వచ్చిందో గూటివల్ల వచ్చిందో ఎవరు చెప్పగలరు?

మరి మనుషుల సంగతి? రోగం వస్తుందని అనుమానం ఉన్న తిండిని పరీక్షకోసం పెట్టడం తగదు. అందుకని వైద్యాధికారి ఫోర్డర్‌మన్ జావా, మదురా దీవుల్లోని 101 జైళ్లలో అప్పటికే ఏ బియ్యం వండుతున్నారో పరిశీలించి, 1897లో ఫలితాలు ప్రకటించాడు. పాలిష్ బియ్యం వండే 51 జైళ్లలో 36 చోట్ల బెరిబెరి ఉంది. తవుడు పోని బియ్యం వండే 37 జైళ్లలో ఒక్కచోటే ఉంది. మిగిలిన 13 జైళ్లలో రెండు రకాలూ వాడేవారు.

తొందరపడకండి. పాలిష్ బియ్యం వండే జైళ్లు పాతవీ, గాలి ఆడనివీ, కిక్కిరిసినవీ అయితే? ఇలా చాటున ఉండి లెక్క తారుమారు చేసే చరరాశులే పరిశోధకుడికి అసలు శత్రువులు. ఫోర్డర్‌మన్ కట్టడాల వయసు, గాలి, రద్దీ కూడా విడివిడిగా లెక్కగట్టాడు. రోగానికీ వాటికీ పొంతన కుదరలేదు. ఆయన పనిలో నాకు బాగా నచ్చింది ఇదే.

ఇంతా చేసి, అన్నంలో ఏదో విషముందనీ, తవుడు దానికి విరుగుడనీ ఐక్‌మన్ భావించాడు. ఆయన తరువాత అక్కడే పనిచేసిన గెరిట్ గ్రైన్స్, విషమేమీ లేదు, తవుడుతోపాటు శరీరానికి అవసరమైన పదార్థమొకటి పోతున్నదని 1901లో వివరించాడు. దాన్నే నేడు థయమిన్, అంటే విటమిన్ బి1 అంటున్నాం.