పెట్రోలు మితిమీరి త్రాగు ఇంజనులు: కారణములు, సవరణ విధానము

మంచిర్యాల, లక్సెట్టిపేట, చెన్నూరు ప్రాంతముల రైతులకు ఇంజనుతో పరిచయము క్రొత్తది కాదు. మోటలు పోయి ఇంజనులు వచ్చెను. పిమ్మట కరెంటు మోటార్లు వచ్చెను. 2018 జనవరి 1 నుండి తెలంగాణములో వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు ఆరంభమైన పిదప బావుల వద్ద ఇంజను చప్పుడు చాలవరకు తగ్గినది. అయినను గోదావరి యొడ్డున తీగ చేరని మళ్లకు నీరు తోడుటకును, పత్తిచేలపై మందు చల్లుటకును చిన్న పెట్రోలు ఇంజనులు నేటికిని పనిచేయుచున్నవి. కొందరి యిండ్లలో పాత జీపులు, అంబాసిడర్లు, తొలినాటి మారుతి కార్లు కూడ నున్నవి. వీనిలో తరచుగ వినవచ్చు ఫిర్యాదు ఒక్కటే: ఇంజను నల్లపొగ వదలుచున్నది, పెట్రోలు త్రాగివేయుచున్నది, బలము మాత్రము లేదు.

ఇట్టి ఇంజనును పాతదైనదని తలచి అయినకాడికి అమ్మువారును, అవసరము లేకయే పిస్టను రింగులు మార్పించువారును కలరు. వ్యాధి పెక్కుసార్లు ఇంజనులో కాక, దాని ప్రక్కన పిడికెడంత యుండు కార్బురేటరులో నుండును. ఇందు చెప్పిన సంగతులు కార్బురేటరు గల ఇంజనులకే చెందును. డీజిలు ఇంజనులలో ఆ భాగమే యుండదు గావున వానికి వర్తింపవు.

లాంతరు వత్తిని మితిమీరి పెంచినచో ఏమగునో యెల్లరు నెరుగుదురు. వెలుతురు హెచ్చుటకు బదులు మంట ఎఱ్ఱబడి, పొగ లేచి, చిమ్నీ నల్లబడును. నూనె హెచ్చినది, దానికి తగిన గాలి లేదు. ఇంజనులో జరుగునదియు నదియే. ఒక పాలు పెట్రోలు చక్కగ కాలుటకు తూకములో పదునాలుగు పాళ్లకు పైగా, లెక్కకు 14.7 పాళ్లు, గాలి కావలయును. కొలతలో చెప్పినచో ఒక లీటరు పెట్రోలునకు దాదాపు తొమ్మిదివేల లీటర్ల గాలి యన్నమాట. ఇంజను పెట్రోలుతో నడచుననుట వాడుక మాటయే గాని, అది భుజించునది ముఖ్యముగ గాలియే. ఈ రెంటిని తగుపాళ్లలో కలుపుటయే కార్బురేటరు పని. పెట్రోలును సన్నని రంధ్రము నుండి గాలి ప్రవాహములోనికి చిమ్ము కార్బురేటరును జర్మనీ దేశస్థుడగు విల్‌హెల్మ్ మైబాక్ 1893 ప్రాంతమున సిద్ధపరచెను. నేటి చిన్న ఇంజనుల కార్బురేటర్లకును మూలసూత్రమదియే. పెట్రోలు పాలు హెచ్చినచో మిశ్రమము చిక్కనైనదని చెప్పవచ్చును. మెకానికులు దీనినే రిచ్చి యందురు.

చిక్కని మిశ్రమమునకు గురుతులివి. సైలెన్సరు నుండి నల్లపొగ వచ్చును, పొగలో పచ్చి పెట్రోలు వాసన యుండును. ఇంజను నిలుకడగ నడువక ఊగినట్లు నడచును. చల్లగ నున్నపుడు సులభముగ స్టార్టగును గాని వేడెక్కిన పిదప ఆపి మరల త్రిప్పిన మొరాయించును. ప్లగ్గు విప్పి చూచినచో మొనపై పొడి మసి దీపపు మసివలె మెత్తగ నంటియుండును. సరిగా కాలు ఇంజనులో ప్లగ్గు మొన లేత గోధుమ వన్నెగ నుండును. మసి పొడిగ కాక జిడ్డుగ నున్నచో, పొగ నీలముగ నున్నచో, కాలుచున్నది ఇంజనాయిలు; అప్పుడు రింగుల సంగతి చూడవలయునే గాని కార్బురేటరును తాకరాదు.

నష్టము పెట్రోలు ఖర్చుతో ముగియదు. నల్లపొగలో కంటికి కనబడని, ముక్కునకు తెలియని కార్బను మోనాక్సైడు అను విషవాయువు కలదు. కాలుట సరిగానున్నపుడు ఇది పొగలో నూటికి ఒక పాలు అటునిటుగ నుండగా, మిశ్రమము బాగుగ చిక్కనైనపుడు ఐదారు పాళ్లు, అంతకు పైగా నుండును. పీల్చు గాలిలో ఇది వేయింట నాలుగు పాళ్లున్నను గంటలోపల మనుష్యుని ప్రాణము తీయగలదు. పంపు నీటిని పీల్చు లోతు ఆచరణమున ఇరువది, ఇరువదిరెండు అడుగులకు మించదు గావున, ఎండాకాలమున నీరు దిగినకొలది ఇంజనును బావిలోపలి దరిమీదికి దింపు అలవాటు కొన్నియెడల కలదు. ఇది మిక్కిలి అపాయకరము. విషవాయువు గాలితో దాదాపు సమానమైన బరువు గలది. గాలి ఆడని బావిలో అది పైకి పోక నిలిచిపోవును. తలనొప్పి, కన్ను తిరుగుట, వాంతి వచ్చునట్లుండుట దాని తొలి గురుతులు. దిగినవాడు పడిపోయినచో వానిని తెచ్చుటకై మరియొకడు దిగుట, వాడును పడిపోవుట, ఇట్లే ఒకే బావిలో ఇద్దరు ముగ్గురు పోవుదురు. నడుమునకు త్రాడు కట్టి, పైన మనుష్యులను నిలిపి దిగినను ప్రయోజనము లేదు. శ్వాసకు విడిగా గాలి యేర్పాటు గల అగ్నిమాపకదళము వారే దిగదగినవారు. ఇంజనును దింపకుండుటయే మార్గము. తలుపులు మూసిన కొట్టములోను, కారు షెడ్డులోను ఇంజను నడుపుటకును ఈ మాటయే వర్తించును. సవరణ యంతయు ఆరుబయట చేయవలయును. బీడీ, చుట్ట, దీపము దరి చేరరాదు.

కార్బురేటరు కనబడగనే స్క్రూడ్రైవరుతో స్క్రూ త్రిప్పుట పలువురి వాడుక. అది చెడ్డ వాడుక. అసలు దోషము వేరొకచోట నుండగా స్క్రూ మార్చినచో దోషములు రెండగును. వెలుపలి నుండి లోపలికి వెదకుట క్రమము.

మొదట గాలి ఫిల్టరు. ఈ ప్రాంతమున దోషము పెక్కుసార్లు ఇక్కడనే దొరకును. పత్తి యేరు దినములలో దూది నూగు, శ్రీరాంపూరు, మందమఱ్ఱి గనుల బాటలలో బొగ్గు ధూళి, వరికోతలలో పొట్టు ఫిల్టరును కప్పివేయును. గాలి తగ్గగనే పెట్రోలు పాలు తనంత హెచ్చును. వేడెక్కిన ఇంజను నుండి ఫిల్టరును క్షణకాలము తీసి చూడవలయును. నడక బాగుపడినచో దోషము ఫిల్టరుదే. కాగితపు ఫిల్టరును మార్చవలయును. స్పాంజి ఫిల్టరును సబ్బునీట కడిగి, పూర్తిగ ఆరనిచ్చి, కొద్దిగ నూనె పట్టించి పిండి బిగింపవలయును. ఫిల్టరు లేకుండ ఇంజనును నడిపి పెట్రోలు మిగిలినదని సంతోషించువారు సిలిండరును ధూళితో అరగదీసుకొందురు.

పిమ్మట చోకు. చల్లని ఇంజనును లేపుటకు గాలిని తాత్కాలికముగ మూయు పలకయే చోకు. మీట వెనుకకు నెట్టినను కేబులు బిగుసుకొనుటచే పలక సగము మూసియే యుండుట సామాన్యము. ఫిల్టరు తీసినపుడే లోనికి చూచి, పలక పూర్తిగ తెరచుకొనుచున్నదా యని పరీక్షింపవలయును. ఇదే సమయమున మరియొక పరీక్ష చేయవచ్చును: నడచుచున్న వేడి ఇంజనునకు చోకును కొద్దిగ మూసినపుడు నడక చెడినచో మిశ్రమము ముందే చిక్కగ నున్నదని యెంచవచ్చును, బాగుపడినచో వ్యాధి దానికి విరుద్ధము, పెట్రోలు చాలుటలేదు.

ఈ రెండును బాగుగ నున్నపుడు ఫ్లోటు గిన్నెను చూడవలయును. గిన్నెలో తేలు ఫ్లోటు పెట్రోలు తగు మట్టమునకు రాగానే సూదిని పైకి నెట్టి దారి మూయును. చెఱువు తూమునకు బిరడ వంటిది. సూది మొన అరిగినను, నలుసు చిక్కినను, ఫ్లోటునకు చిల్లి పడినను మట్టము పెరుగును. గిన్నె క్రిందనుండి గాని, ఓవర్‌ఫ్లో గొట్టము నుండి గాని పెట్రోలు కారుట దీని గురుతు. ట్యాంకు పైననుండి పెట్రోలు దిగు చిన్న ఇంజనులకు సులభమైన పరీక్ష యొకటి కలదు. ఇంజను నడచుచుండగ ట్యాంకు కుళాయి మూయవలయును. గిన్నెలో మట్టము తగ్గుచుండగ, ఆగిపోవుటకు ముందు కొంతసేపు ఇంజను చక్కగ నడచినచో మట్టమే అధికముగ నున్నదని తెలియును. ఫ్లోటును చెవివద్ద ఆడించినపుడు లోపల ద్రవము చప్పుడైనచో అది చిల్లిపడినది. ఇత్తడి ఫ్లోటును వేడినీట ముంచినచో చిల్లి నుండి బుడగలు వచ్చును. లోని పెట్రోలు పూర్తిగ పోవునంతవరకు మాటు వేయరాదు, ప్రేలును. మాటు పలుచగ వేయవలయును. సీసము బరువుచే ఫ్లోటు క్రుంగినచో మట్టము మరల పెరుగును, తీసిన వ్యాధి తిరిగి వచ్చును. క్రొత్త ఫ్లోటు కొనుటయే మేలు. సూది పీఠము క్రింది వాషరును పనికిరానిదని పారవేయరాదు, మట్టము దానిపై ఆధారపడియుండును.

2023 నుండి విక్రయమునకు వచ్చిన, నూటికి ఇరువది పాళ్లు ఎథనాలు కలిసిన పెట్రోలు పాత ఇంజనుల రబ్బరు మొనలను, వాషర్లను చెరుపవచ్చును. ఎథనాలు తక్కువ గాలితో కాలును గావున మిశ్రమమును పలుచన చేయును. దానికి విరుగుడుగ కొందరు జెట్టు రంధ్రమును పెంచుదురు. ఆ పెంపే తరువాత నల్లపొగకు కారణమగుచున్నది.

జెట్టు విషయములో మిక్కిలి జాగ్రత్త వలయును. పెక్కు కార్బురేటర్ల జెట్లపై నుండు అంకె రంధ్రపు వ్యాసమును మిల్లీమీటరులో నూరవ వంతులుగ తెలుపును. 115 అనగా 1.15 మిల్లీమీటర్లు. తీగ పెట్టి పొడిచి దానిని 1.25 చేసినచో కంటికి భేదము తోచదు గాని, పెట్రోలు దాదాపు ఆరవ వంతు అధికముగ ప్రవహించును. కావున జెట్టును పెట్రోలుతో కడిగి ఊదవలయునే గాని సూది, తీగ పెట్టరాదు. గాలి వచ్చు సన్నని రంధ్రములు మూసికొనినను మిశ్రమము చిక్కనగునని చాలమంది మెకానికులు మరచుచున్నారు. పెట్రోలు దారితోపాటు గాలి దారులను కూడ ఊదింపవలయును.

కడపట స్క్రూ. అది ఇంజను వైపున నున్నచో సామాన్యముగ లోనికి త్రిప్పిన మిశ్రమము పలుచనగును. ఫిల్టరు వైపున నున్నచో గాలి స్క్రూ గావున లోనికి త్రిప్పిన చిక్కనగును. నొక్కక మెల్లగ చివరవరకు బిగించి, ఒకటిన్నర చుట్టు వెనుకకు త్రిప్పి, ఇంజను వేడెక్కిన పిదప అత్యధిక వేగముతో నిలుకడగ నడచు స్థానమున నిలుపవలయును. ఈ స్క్రూ నెమ్మది నడకకే చెందినది. బరువు లాగునపుడు వచ్చు నల్లపొగను ఇది బాగుచేయజాలదు.

పెట్రోలుతో లేపి గాసునూనెతో నడపు పంపు ఇంజనులలో వేరొక సంగతి కలదు. ఇంజను వేడెక్కకముందే గాసునూనెకు మార్చినచో అది ఆవిరి గాక సిలిండరు గోడల వెంబడి దిగి ఇంజనాయిలులో కలియును. ఆపుటకు ముందు కొన్ని నిమిషములు మరల పెట్రోలుపై నడిపి గిన్నెను శుభ్రపరచిన మరునాడు లేపుట సులభము. కారులోను, పంపులోను చాలకాలము చిక్కని మిశ్రమముతో నడచిన పిదప ఆయిలు పుల్లను తీసి చూడవలయును. ఆయిలు పోయకున్నను మట్టము పెరిగినచో, పలుచబడి పెట్రోలు వాసన వేయుచున్నచో, ఆ ఆయిలు బేరింగులను కాపాడలేదు. కార్బురేటరు బాగైన దినముననే దానిని దింపి, క్రొత్త ఆయిలు పోసి, ప్లగ్గు మసి తుడిచి బిగింపవలయును.