ఇంటా బయటా ఆడుకునే పెట్టె వస్తుందట!



2025 ఏప్రిల్ 2న సాయంత్రం ఆరున్నరకు మా క్వార్టర్స్‌లో చాలా ఫోన్లలో ఒకటే వీడియో నడిచింది. జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ తన కొత్త ఆటల యంత్రం 'స్విచ్ 2' వివరాలు చెప్పిన వీడియో అది. మర్నాడు తెలుగు పీరియడ్‌లో మేము తెరవవలసిన పాఠం వేరు. కానీ ఎనిమిదో తరగతిలో ఎవరి నోట విన్నా అదే మాట. సరే, ఆ మాటనే పాఠం చేసుకున్నాం. 'కొత్త యంత్రంపై తొలి అభిప్రాయం' అని అందరం ఒక్కో పుట రాశాం. టీచరు కూడా.

ముందు చిక్కు 'హైబ్రిడ్' దగ్గర వచ్చింది. మనకు హైబ్రిడ్ అంటే టమాటాలు, విత్తనాలు. 'సంకర యంత్రం' అంటే ఎవరికీ నచ్చలేదు. ఇంతకీ అది చేసే పనేమిటి? టీవీ దగ్గర 'డాక్' అనే చిన్న పీఠం ఉంటుంది. యంత్రాన్ని అందులో నిలబెడితే ఆట టీవీలో కనిపిస్తుంది. బయటికి తీసి చేత్తో పట్టుకుంటే ఆగిన చోటి నుంచే ఆట సాగుతుంది. "ఇంటా బయటా అన్నమాట" అంది వెనక బెంచీ. అదే ఖాయం చేశాం.

ఈ ఆలోచన ఇప్పటిది కాదు. 2012లో ఇదే కంపెనీ 'వీ యూ' అనే యంత్రం తెచ్చింది. తెర చేతిలోనే ఉండేది గానీ అసలు యంత్రం టీవీ దగ్గర ఉండేది. తెర పట్టుకుని కాస్త దూరం వెళ్తే ఆట ఆగిపోయేది. అవి కోటీ 36 లక్షలకు మించి అమ్ముడుపోలేదు. 2017 మార్చి 3న వచ్చిన మొదటి స్విచ్‌లో యంత్రం మొత్తాన్ని తెర వెనకే అమర్చేశారు. అవి 15 కోట్లు దాటాయి. కొత్తది దాని తమ్ముడు.

ఇక మా పుటలు. ఒకరు "స్క్రీన్ అద్భుతంగా ఉంది" అని మొదలుపెట్టారు. ఎక్కడ చూశావు అని అడిగాం. "నాన్న ఫోన్‌లో." మరి అద్భుతంగా ఉన్నది ఏ స్క్రీన్? కొత్త యంత్రం తెరను ఫోన్‌లో చూస్తే మనకు కనబడేది ఫోన్ తెరే కదా! క్లాసంతా నవ్వింది. రాసినవాడూ నవ్వాడు. అసలు పాఠం అక్కడ మొదలైంది.

ఇంకా చేతికి రాని వస్తువు గురించి రాసేటప్పుడు తెలుగు మనకు ఒక చక్కని అక్షరం ఇచ్చింది. 'ట'. వస్తుంది అనకుండా 'వస్తుందట' అంటే, నేను చూడలేదు, ఎవరో చెప్పారు అని అర్థం. మాలో కొందరి ఇళ్లలో అది 'వస్తదంట' అవుతుంది. రెండూ సరైనవే. మనమే ఊహించిన దానికైతే 'కాబోలు', 'ఏమో' ఉన్నాయి. ఇంగ్లీషులో రాస్తే ఎవరు చెప్పారో వేరే మాటలు పెట్టి చెప్పాలి. మనకు క్రియ చివర ఒక్క అక్షరం చాలు.

పుటలన్నీ మళ్లీ రాశాం. తెర 7.9 అంగుళాలట, పాతది 6.2. లోపలి నిల్వ 256 జీబీ అట, పాతది 32. పక్కల ఉండే జాయ్-కాన్‌లు ఇప్పుడు అయస్కాంతంతో అతుక్కుంటాయట, బల్లమీద పక్కకు నిలిపి జరిపితే కంప్యూటర్ మౌస్‌లా పనిచేస్తాయట. దీన్ని వీడియోలో చూశాం కాబట్టి 'చేసి చూపించారు' అని కూడా రాయవచ్చు. కానీ బల్లలేని చోట, అంటే మంచం మీద, అది ఎలా ఉంటుందో ఆ వీడియో వల్ల మాకు తెలియలేదు.

బ్యాటరీ రెండు గంటల నుంచి ఆరున్నర గంటలు వస్తుందట. బదిలీల పిల్లలం కదా, రైలుతో కొలిచాం. రెండు గంటలంటే సికింద్రాబాదులో ఎక్కితే కాజీపేట దాకా. ఆరున్నరంటే విజయవాడ దాకా. ఢిల్లీ మాటెత్తకండి.

ధర ఆ వీడియోలో చెప్పలేదు, విడిగా ప్రకటించారు. అప్పుడు అమెరికాలో 449.99 డాలర్లు, అప్పటి మన లెక్కలో సుమారు 38 వేల రూపాయలు. ఒక్క 'మారియో కార్ట్ వరల్డ్' ఆటే 79.99 డాలర్లు. మాకు ఇది ఎక్కువనిపించింది. ఈ వాక్యానికి 'ట' అక్కర్లేదు, అనిపించింది మాకే కదా.

భాషా తరగతికి బాగా పట్టిన వార్త వేరే ఉంది. జపాన్‌లో రెండు రకాలు అమ్ముతారట. అప్పుడు ప్రకటించిన ధరల్లో జపనీస్ మాత్రమే వచ్చేది 49,980 యెన్లు, అనేక భాషలు వచ్చేది 69,980 యెన్లు. "భాషలకే ఇరవై వేలా!" అని లెక్క కట్టింది ముందు బెంచీ. అయితే ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఇంగ్లీషు, పోయినచోటల్లా ఇంకోటి మాట్లాడే మా క్లాసు ఖరీదు ఎంతని కూడా అడిగింది. తెలుగు టీచరు దగ్గర జవాబు లేదు.

ఆ వారమే మా క్లాసులో ఒకమ్మాయి వాళ్ల నాన్నగారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. తను రాసిన పుటలో యంత్రం గురించి మూడు వాక్యాలే ఉన్నాయి. ఆ తర్వాత కొత్త ఊరు. "అక్కడ చలి ఎక్కువట. బడి క్వార్టర్స్ పక్కనేనట. తెలుగు పీరియడ్ ఉండదేమో." విషయం మారింది కదా అని ఎవరూ అనలేదు. మా ఇంట్లోనూ అంతే. ప్రతి బదిలీకీ ముందు ఇల్లంతా 'ట'లే. ఒకసారి క్వార్టర్ వెంటనే దొరుకుతుందట అనుకుని బయల్దేరాం. నలభై రోజులు ట్రంకు పెట్టెలే మాకు బల్లలు, కుర్చీలు.

కొత్త జాయ్-కాన్ మీద 'సి' అనే మీట ఉంది. అది నొక్కితే దూరాన ఉన్న స్నేహితులతో ఆడుతూనే మాట్లాడవచ్చునట. ఆ అమ్మాయి పక్కన కూర్చునే పిల్ల తన పుటలో దాని కింద రెండు గీతలు గీసింది.

అభ్యాసం: యంత్రం 2025 జూన్ 5న విడుదలైంది. మీ పుట దాచుకోండి. సెలవుల్లో ఎవరి దగ్గరైనా దాన్ని చేత్తో పట్టుకుని చూస్తే, మీరు స్వయంగా చూసిన వాక్యాల్లో 'ట' కొట్టేసి, తప్పని తేలినవి తిరిగి రాయండి. చూడనివి అలాగే ఉంచండి. కొత్త ఊరికి వెళ్లేవారు ఆ ఊరి గురించీ ఇలాగే ఒక పుట ఇప్పుడే రాసి, జూలైలో దిద్ది, పాత క్లాసుకు పోస్టులో పంపండి. మా చిరునామా మారితే ఆఫీసులో అడగండి.