మన తుమ్మ ఏది? సర్కారు తుమ్మ ఏది?

ముల్లున్న చెట్టు కనబడితే చాలు, మనం తుమ్మ అనేస్తాం. కానీ నల్లతుమ్మ వేరు, సర్కారు తుమ్మ వేరు. నేను గుర్తుపట్టే పద్ధతి చెప్తాను.

ముందు పువ్వు చూడండి. నల్లతుమ్మ పువ్వు పసుపుపచ్చని గుండ్రటి బంతి. సర్కారు తుమ్మది వేలంత పొడుగు కంకి. పువ్వు లేకుంటే కాయ చూడాలి. నల్లతుమ్మ కాయ పూసల దండలాగా గింజ గింజకీ నొక్కుకొని ఉంటుంది. సర్కారు తుమ్మ కాయ అలా నొక్కుకోదు, పండితే పసుపురంగు, తియ్యన. ఆ తీపితోనే వచ్చింది చిక్కు! మేకలు ఇష్టంగా తింటాయి, గింజ అరగదు, పెంటికలతోపాటు పడినచోటల్లా మొలుస్తుంది.

ఇది అమెరికా ఖండాల చెట్టు. వంటచెరకు కోసం 1870లలో కడప జిల్లా కమలాపురం వైపు నాటించారు. సర్కారు వేయించింది కాబట్టి ఆ పేరు అంటారు.

నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు అభయారణ్యం 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పడింది. ఆ పిట్ట మీటరు ఎత్తుంటుంది. గడ్డి బీట్లో నేలమీదే గుడ్డు పెడుతుంది. దానికి చుట్టూ దూరం కనబడాలి. అలాంటి బీడును ఈ తుమ్మ కమ్మితే గడ్డీ పోతుంది, పిట్టకు చోటూ పోతుంది.

పైపైన కొడితే చావదు, మొదట్లోంచి మళ్లీ పిలకలు వేస్తుంది. వేరు మొదలు తవ్వాలి.

మా అవ్వ మాత్రం "దాన్ని తిట్టకురా, దాని కట్టెలతోనే నీకు బువ్వ" అంటుంది. అదీ నిజమే. ఊరి దగ్గరవి కట్టెలకు ఉండనీ. బీడు అంచున మొలకలు కనబడితే మాత్రం వేలెడంత ఉన్నప్పుడే పీకండి. వాన పడ్డ మర్నాడైతే వేరుతో సహా వస్తుంది.