నాలుగు చుక్కల దగ్గర తొందరపడకు

చి. ప్రణతికి,


నీ ప్రాజెక్టు ప్రతిపాదన చదివాను. మాస్కింగ్‌కీ, అంటే ఒక బొమ్మను మరొకటి కనబడకుండా చేయడానికీ, ధ్యాసకీ ఉన్న సంబంధాన్ని ఎంచుకున్నావు, చాలా సంతోషం. అయితే ‘ధ్యాస లేని చోటే నాలుగు చుక్కలు బొమ్మను మాయం చేస్తాయని రుజువైంది’ అని రాశావు చూడు, అందులో ‘రుజువైంది’ అన్న మాట కొట్టెయ్యి.

ఆ చుక్కల సంగతి నిజంగా అబ్బురమే. 1997లో ఎన్స్, డి లోలో అనే పరిశోధకులు దాన్ని బయటపెట్టేదాకా మాస్క్ అంటే బొమ్మను కప్పేదో, దాని అంచును ఒరుసుకుని ఉండేదో అనుకునేవారు. ఈ చుక్కలు బొమ్మ చుట్టూ ఉంటాయి, దాన్ని తాకనే తాకవు. 2000లో రెన్సింక్‌తో కలిసి వాళ్లు చేసిన ప్రయోగాల్లో బొమ్మా చుక్కలూ ఒకేసారి వస్తాయి. రెండూ కలిసి పోతే బొమ్మ ఏమిటో చెప్పగలం. చుక్కలు ఇంకాస్త సేపు నిలిచాయా, బొమ్మ దొరకదు. తెర మీద బొమ్మలు ఎక్కువై ధ్యాస చెదిరినప్పుడే ఇది బలంగా కనిపించింది. మెదడులోని పై భాగాలు ‘ఇది ఫలానా కావచ్చు’ అని అంచనా కట్టి, సరిచూసుకోవడానికి కింది భాగాలకు తిరిగి కబురు పంపుతాయనీ, ధ్యాస ఆలస్యమైతే ఆ కబురు చేరేసరికి అక్కడ చుక్కలే మిగులుతాయనీ వాళ్ల వివరణ. నాకిప్పటికీ ఇష్టమైన వివరణే.

కానీ 2013లో ఆర్గిరోపులోస్, జెలట్లీ బృందం ఒక పదునైన ప్రశ్న వేసింది. బొమ్మ ఒక్కటే ఉన్నప్పుడు దాదాపు అందరూ సరిగ్గా చెప్పేస్తుంటే, మాస్క్ చేసిన నష్టం బయటపడడానికి చోటెక్కడ? మరీ తేలిక ప్రశ్నపత్రం ఇచ్చి, చదివినవాడికీ చదవనివాడికీ తేడా లేదనడం లాంటిదే ఇది. ఆ తేలికతనం తీసేసి చూస్తే, బొమ్మల సంఖ్యా చుక్కల నిడివీ దేని దెబ్బ అది విడిగా కొట్టాయి తప్ప, ఒకదాన్నొకటి పెంచలేదు. మరుసటేడు ఫిల్మర్, మ్యాటింగ్లీ, డక్స్ చేసిన పనిలోనూ చాలావరకు అదే తేలింది. 2015లో ఫిల్మర్ బృందం, సరిగ్గా చూపు నిలిపిన చోట, ధ్యాస పెట్టిన బొమ్మ కూడా మాయమవుతుందని చూపింది.

అంతమాత్రాన ధ్యాసకు పాత్ర లేదని రాయకు, అది మరో తొందరపాటు. అటెన్షనల్ బ్లింక్ చూడు. 1992లో రేమండ్, షపీరో, ఆర్నెల్ దానికి ఆ పేరు పెట్టారు. వరసగా వచ్చే అక్షరాల్లో మొదటిది పట్టుకున్నాక, అర సెకను లోపు వచ్చే రెండోదాన్ని వదిలేస్తాం. 1998లో గీస్‌బ్రెక్ట్, డి లోలో ఆ రెండోదాని వెనక ఏమీ రాకుండా చూస్తే ఆ లోటు కనబడలేదు. అక్కడ ధ్యాస లోపించడం ఒక్కటే చాలదు, వెనకాలే మాస్క్ కూడా రావాలి. నీ పరిచయ భాగంలో దీనికి ఒక పేరా ఇవ్వు.

ఇక పద్ధతి. బొమ్మ 10 మిల్లీసెకన్లు ఉంటుందని రాశావు. మీ ల్యాబ్ మానిటర్ 60 హెర్ట్జ్‌ది. దాని మీద ఒక ఫ్రేమే సుమారు 16.7 మిల్లీసెకన్లు, అంతకంటే తక్కువ సేపు చూపించలేవు. నీ బొమ్మ నాలుగు దిక్కుల్లో ఏదో ఒక దిక్కున తెరిచి ఉండే వలయం కాబట్టి, ఊహించి చెప్పినా నూటికి 25 సరిపోతాయి. అందుకని అటు 25కీ ఇటు 100కీ దూరంగా ఉండేలా కాంట్రాస్ట్ సర్దుకోవాలి. ఒకే బొమ్మ, మాస్క్ నిలవని సందర్భంలో 80 దగ్గర ఉంటే నాకు తృప్తి.

అసలు ప్రయోగానికి ముందు హాస్టల్లో నీ స్నేహితుల్ని కూర్చోబెట్టి ఆ ఒక్క సందర్భమే నడిపి, వచ్చిన అంకె నాకు రాయి. 95 దాటితే మాత్రం కాంట్రాస్ట్ తగ్గించి మళ్లీ నడుపు. ఆ తరవాతే గైడ్ గారికి చూపించు.

మీ పెదనాన్న