బొంబాయి సభలో పాలకొల్లు మాండొలిన్

జాజ్, రాక్ సంగీతములను మేళవించి పేరొందిన ఆంగ్లేయ గిటారు విద్వాంసులు జాన్ మెక్‌లాఫ్లిన్ గారు. మన భివండీకి చేరువనే, బొంబాయి నగరమున, 2000 డిసెంబరులో వారు తమ ‘రిమెంబర్ శక్తి’ బృందముతో కచేరీ చేసిరి. ఆ సభాగానమును ముద్రించి 2001లో ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ అను సంపుటముగా వెలువరించిరి. శ్రోతల కరతాళధ్వనులును అందు వినవచ్చును.

ఆ బృందమున మాండొలిన్ వాయించినవారు మన తెలుగువారే. ఉప్పలపు శ్రీనివాస్ గారు 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించిరి. మాండొలిన్ ఐరోపా వాద్యము. దానికి నాలుగు జతల తంత్రులుండును. మీటిన నాదము వెంటనే అణగిపోవును గనుక గమకములు పలుకుట కష్టము. శ్రీనివాస్ గారు విద్యుత్ మాండొలిన్ చేపట్టి, ఐదు ఒంటి తంత్రులు కట్టి, దానిచే కర్ణాటక రాగములు పలికించిరి.

ఈ సంపుటములోని ‘గిరిరాజ్ సుధ’కు త్యాగరాజస్వామి వారి బంగాళరాగ కృతి మూలము. శంకర్ మహదేవన్ గారు దానిని గానము చేసిరి. గిటారు, తబలా, మాండొలిన్ కలిసి మ్రోగినను రాగము చెదరలేదు.

శ్రీనివాస్ గారు 2014లో, నలుబదియైదవ యేట, దివంగతులైరి. వారి నాదము నిలిచియున్నది.

మరమగ్గమును ఇంగ్లండున పుట్టిన యంత్రమే. పడుగుపేకల మర్మమెరిగిన మన పెద్దలు దానిని లోబరచుకొనిరి. విద్యార్థులారా! మరాఠీ, హిందీ, ఆంగ్లములను శ్రద్ధతో నేర్తము. మన తెలుగును మాత్రము విడువకుందము. స్వరమెరిగిన చేతికి ఏ వాద్యమును పరాయిది కాదు.